ఒకటి వేసి చూడు

లెక్కల మాస్టారుగా నేను గడిపిన జీవితంలో సగం పసుపు వాసనలోనే గడిచింది. బడి ఉన్నన్నాళ్లూ ఆర్మూరు బడిలో, వేసవి సెలవులొస్తే లింబాద్రి సేటు పసుపు గోదాములో. పదో తరగతి పరీక్షలు రాసేసిన పిల్లల్ని పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు అక్కడ తయారుచేసేవాణ్ణి. ఆర్మూరు పిల్లలే కాదు, నందిపేట నుంచీ నవీపేట నుంచీ బస్సెక్కి వచ్చేవాళ్లు. బెంచీలు లేవు. పసుపు బస్తాలే బెంచీలు. పరీక్ష హాలులో మా పిల్లల్ని ముందు నుంచి చూస్తే గుర్తుపట్టలేరు గాని, వెనక నుంచి చూస్తే ఎవరైనా చెప్పేస్తారు. ఒకసారి హాలులో కాపలా ఉన్నాయన మా వాళ్లను వరసగా చూసి, "ఏం పిల్లలు, అందరు ఒక్క పెండ్లికే పోయొస్తున్నరా?" అని అడిగాడట.

ఈ మధ్య కోచింగుల్లో చేరుతున్న కుర్ర మాస్టర్లు కలిసినప్పుడు, "సార్, మీ అనుభవం చెప్పండి" అంటారు. వాళ్లకు కావాల్సింది షార్ట్‌కట్లు. అవి నా దగ్గర బోలెడు ఉన్నాయి, కొన్ని ఇందులోనే చెప్తాను. నా సర్వీసు, ఇంక్రిమెంట్లు, బదిలీలు మాత్రం చెప్పను, అవి చదివితే నాకే నిద్రొస్తుంది. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అది ఒక అమ్మాయి బతుకు మీదికి వచ్చింది.

గడియారంతో నా మొదటి పోట్లాట

ఎనభైల మొదట్లో ఆబ్జెక్టివ్ పేపరు మొదటిసారి నా చేతికొచ్చినప్పుడు పగలబడి నవ్వాను. ప్రశ్న కిందనే జవాబు అచ్చు వేసి ఇస్తున్నారు, నాలుగింటిలో ఒకటి ఏరుకోవాలి, ఇదేం పరీక్ష అనుకున్నాను. పిల్లలకు చెప్పే ముందు నేనే ఒకసారి రాసి చూద్దామని ఇంట్లో చేతిగడియారం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడకు, "గీ రెండు గంటలు నన్ను పిలువకు" అని చెప్పి మరీ కూర్చున్నాను.

రెండు గంటలు అయ్యేసరికి మూడింట రెండు వంతులు కూడా కాలేదు. ప్రతి లెక్కా ఇంతింత పొడవున, దశల వారీగా, పక్కన కారణాలతో సహా చేశాను. అంతా ఒప్పే. కాని ఆ లెక్కన నాకు పాలిటెక్నిక్‌లో సీటు రాదు. ఎమ్మెస్సీ చదివి, పదేళ్లు పాఠం చెప్పి, పదో తరగతి పిల్లల పరీక్షలో ఫెయిలైన మనిషిని నేను. ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ కూడా ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు గాని, నేను ఇంట్లో గొంతు పెంచినప్పుడు మాత్రం, "గడియారం తేవాల్నా?" అనేది.

కొత్తగా చేరేవాళ్లకు మొదటి మాట ఇదే. పేపరు పిల్లల చేతిలో పెట్టే ముందు గడియారం పెట్టుకుని మీరు రాయండి. సిగ్గు పోతుంది, పాఠం బాగుపడుతుంది.

లింబాద్రి సేటు కొమ్ము విరవడం

లింబాద్రి సేటు పసుపు వ్యాపారి. మనిషి బండగా ఉంటాడు గాని మనసు మెత్తన. తన కొడుకు లెక్కల్లో గట్టెక్కాడన్న కృతజ్ఞతతో గోదాములో సగం నాకు వదిలేశాడు. సరిగ్గా మా తరగతులు మొదలయ్యేసరికి పసుపు సీజను నడుస్తుంటుంది. ధర బాగుంటే బస్తాలు వెళ్లిపోయి పిల్లలు కిందికి దిగేవాళ్లు. ధర పడిపోతే సేటు సరుకు ఆపేవాడు, బస్తాల మీద బస్తాలు లేచేవి, పిల్లలు రేకుల కప్పు దగ్గరికి వెళ్లేవాళ్లు. మార్కెట్టు ఎలా ఉందో తెలియాలంటే నేను తల ఎత్తి చివరి వరస చూస్తే చాలు. నాకు మాత్రం సేటు ఒక కర్రకుర్చీ ఇచ్చాడు. తెల్ల ప్యాంటు వేసుకునే అలవాటు నాది, దానికి పసుపు అంటకుండా ఆ కుర్చీ దిగేవాణ్ణి కాదు.

ఒకరోజు మార్కెట్టు యార్డులో సేటుతో నిలబడి ఉన్నాను. ఎదురుగా నడుమెత్తు పసుపు కుప్ప. సేటు వంగి ఒక కొమ్ము తీశాడు, రెండు వేళ్లతో విరిచాడు, టక్‌మని చప్పుడైంది. లోపలి రంగు చూశాడు, ధర చెప్పాడు, కుప్ప అవతలి పక్కకు నడిచాడు.

"సేటూ, ఒక్క కొమ్ము చూసి గింత పెద్ద కుప్ప కొంటవా?" అన్నాను.

"మరేం జెయ్యాలె సారూ? కుప్ప మొత్తం ఇరుసుకుంట కూసోవాల్నా? గట్లయితే తెల్లారి నేను కొనేది కొమ్ములు కాదు, పొడి."

ఆ మాట పట్టుకుని ఇంటికి బయల్దేరాను. లెక్క మొత్తం చేయడమెందుకు? ఒక అంకె వేసి విరిచి చూస్తే చాలదా?

మర్నాడు బోర్డు మీద మూడు బ్రాకెట్లు రాశాను. ఎక్స్ ప్లస్ ఒకటి, ఎక్స్ ప్లస్ రెండు, ఎక్స్ ప్లస్ మూడు. మూడింటినీ గుణిస్తే ఎంత? కింద నాలుగు జవాబులు, ఒక్కొక్కటీ రైలంత పొడవు. పిల్లలు గుణించడం మొదలుపెట్టారు. నేను, "ఆగుండ్రి. ఎక్స్ బదులు ఒకటి వేసి చూడుండ్రి" అన్నాను. రెండు, మూడు, నాలుగు. గుణిస్తే ఇరవై నాలుగు. ఇప్పుడు జవాబుల్లో కూడా ఒకటి వేసి చూస్తే, ఒక్కదానికే ఇరవై నాలుగు వచ్చింది. మిగతా మూడింటికీ ఇరవై మూడు. అర నిమిషం పట్టలేదు. గోదాము ఈలలతో దద్దరిల్లింది. బస్తా మీదినుంచి ఒకడు జారి పడ్డాడు కూడా.

ఆ రోజు నుంచి "ఒకటి వేసి చూడు" అన్నది మా గోదాము మంత్రం అయింది. బడి తెరిచాక అక్కడి క్లాసుల్లోనూ అదే చెప్పాను. రెండు మూడు అక్షరాలున్న లెక్కయితే చేతికొచ్చిన చిన్న అంకెలు, ఒకే అక్షరం ఉంటే ఒకటి. ఎందుకంటే ఒకటితో గుణకారం ఉండదు, వర్గం ఉండదు, టైము పోదు. ఇంకో సూత్రం కూడా కలిపాను. "సరిపోయిన మొదటి జవాబుకు టిక్కు కొట్టు, ఎనుకకు చూడకు, ముందుకు వో." ఆ ఏడు మా పిల్లలకు వచ్చిన సీట్లు చూసి ఊరంతా నన్ను పొగిడింది. నేను కూడా ఆ పనిలో ఊరికి బాగానే సాయపడ్డాను.

పెద్దసారు

మా బడి హెడ్మాస్టరును అందరం పెద్దసారు అనేవాళ్లం. ఖద్దరు ధోవతి, కళ్లజోడు, చేతిలో ఎప్పుడూ ఒక సుద్దముక్క. ఆయన దృష్టిలో లెక్క అంటే మెట్లు. ఒక మెట్టు దాటేసి పైకి పోయినవాడు పైకి పోయినట్టు కాదు.

అర్ధవార్షిక పరీక్షలయ్యాక ఆయన నన్ను గదికి పిలిచాడు. ముందు ఒక కట్ట జవాబు పత్రాలు. ఏ ప్లస్ బి మొత్తం వర్గం సూత్రాన్ని నిరూపించమన్న ప్రశ్న. పైనున్న పత్రం తీసి గంభీరంగా చదివాడు.

"ఏ ఈక్వల్ టు ఒకటి, బి ఈక్వల్ టు ఒకటి వేయగా, ఎడమ పక్క నాలుగు, కుడి పక్క నాలుగు. కావున నిరూపించబడినది."

రెండో పత్రం తీశాడు. అదే. మూడోది, అదే. నాలుగోవాడు కొంచెం తెలివైనవాడు, "గోదాములో నిరూపించబడినది" అని రాశాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వలేదు. లేచి బోర్డు దగ్గరికి వెళ్లి ఎక్స్ వర్గం అని రాసి, ఈక్వల్ టు పెట్టి, పక్కన ఎక్స్ అని రాశాడు.

"ఒకటి వేసి చూడుండ్రి."

"రెండు పక్కలా ఒకటే వస్తది సార్."

"అయితే ఎక్స్ వర్గమూ, ఎక్సూ ఒకటేనా? మీరు పిల్లలకు లెక్క నేర్పుత లేరు. పైన మంచి సరుకు పెట్టి కింద నాసిది పెట్టినా కొనేటట్టు తయారుచేస్తున్నరు."

"పేపరు తయారుజేసేటోళ్లు గసొంటి ప్రశ్న ఇయ్యరు సార్" అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, "మంచిది" అన్నాడు. నేను గెలిచాననుకుని బయటికి వచ్చాను. పై అధికారి చెప్పింది నచ్చకపోవడం తప్పు కాదు. కాని ఆయన చెప్పిన మాట నిజమా కాదా అని చూసుకోవడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది, అది కూడా చూసుకోలేదు.

గంగామణి

గంగామణి మా ఊరి పిల్లే. తల్లి నర్సవ్వ బీడీలు చుట్టేది. తండ్రి లేడు. పదో తరగతి పాసైన ఆ వేసవిలో గంగామణి గోదాముకు వచ్చేది, మధ్యాహ్నం ఇంటికి పోయి ఒళ్లో చాట పెట్టుకుని తల్లితో పాటు బీడీలు చుట్టేది. చాటలో తునికాకు, తంబాకు, దారం. వాటి మధ్య నేనిచ్చిన లెక్కల కాగితం. వేళ్లు బీడీ చుడుతుంటే పెదాలు లెక్క చేసేవి. ఒకసారి క్లాసులో, ఇన్ని గంటల్లో ఇన్ని బీడీలు చుడితే అన్ని గంటల్లో ఎన్ని అని అన్నీ అక్షరాలతో ఒక లెక్కిచ్చాను. అందరూ అంకెలు వెతుక్కుంటుంటే ఈ పిల్ల, "రెండు గంటలకు రెండు వందలు సార్, మూడు గంటలకు మూడు వందలు. గీ రెండో జవాబు ఒక్కటే అయితది" అని ముగించేసింది. గంటకు వంద అన్నది ఆమె బీడీలు చుట్టే నిజం స్పీడేనని పక్క పిల్లలు చెప్పారు.

ఆమెకు ఆ పరీక్ష ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. బీడీ కార్ఖానా వాళ్లు ఆ ఏడు కొత్త కార్డులు ఇస్తున్నారు. కార్డు ఉంటే ఆకు, తంబాకు వాళ్లే ఇస్తారు, పని ఆగదు, జీవితాంతం ఒక ఆధారం. గంగామణి పేరు మీద ఒక కార్డు రాసి ఉంది. నర్సవ్వ కూతురికి ఒకే మాట చెప్పింది. సీటు వస్తే పాలిటెక్నిక్. రాకపోతే కార్డు మీద సంతకం, ఇక చదువు మాట ఎత్తొద్దు. కార్డు తీసుకున్న పిల్ల రోజుకు వెయ్యి బీడీలు చుట్టాలి. వెయ్యి చుట్టే చేతికి పుస్తకం పట్టే తీరిక ఉండదని నర్సవ్వకే బాగా తెలుసు.

నేను ఆ పిల్లకు సీటు వస్తుందని ఊళ్లో అందరికీ ముందే చెప్పేశాను.

ఫలితాలు వచ్చాయి. ఒక్క మార్కు తక్కువతో సీటు పోయింది.

మర్నాడు పొద్దున పిల్ల ప్రశ్నపత్రం పట్టుకుని గోదాముకు వచ్చింది. ఇద్దరం ఒక్కొక్క లెక్కా చూసుకుంటూ వచ్చాం. ఒక చోట నా వేలు ఆగిపోయింది. ఎక్స్ ఘనానికి ఎక్స్ వర్గం కలిపి, మొత్తాన్ని ఎక్స్ ప్లస్ ఒకటితో భాగిస్తే ఎంత? జవాబులు నాలుగు. అ) ఎక్స్. ఆ) ఎక్స్ వర్గం. ఇ) ఎక్స్ ఘనం. ఈ) ఒకటి.

ఒకటి వేసి చూశాను. పైన ఒకటీ ఒకటీ కలిపితే రెండు, కింద రెండు, జవాబు ఒకటి. ఇక జవాబుల్లో ఒకటి వేస్తే అ ఒకటి, ఆ ఒకటి, ఇ ఒకటి, ఈ ఒకటి. నాలుగూ ఒకటే.

"నాలుగూ కలిసినయ్ సార్" అంది గంగామణి. "మొదటిది కొట్టి ముందుకు వొమ్మన్నరు కద. అ కొట్టిన."

అదే రెండు వేసి ఉంటే ఎనిమిదీ నాలుగూ పన్నెండు, కింద మూడు, జవాబు నాలుగు. ఎక్స్ వర్గం ఒక్కటే సరిపోతుంది. అది కూడా అక్కర్లేదు, పెద్దసారు పద్ధతిలో పైన ఎక్స్ వర్గాన్ని బయటికి తీస్తే రెండు లైన్లలో అయిపోయే లెక్క. పేపరు తయారుచేసేవాళ్లు అసలు ఇవ్వరని నేను పందెం కాసినట్టు చెప్పిన ప్రశ్న.

ఇప్పుడు రాయబోయేది నాకు ఇప్పటికీ రాయబుద్ధి కాదు. నేను ఆ పిల్లతో, "జర తొందరపడ్డవ్ బిడ్డా" అన్నాను.

ఆమె తల ఊపింది. పేపరు మడత పెట్టుకుని వెళ్లిపోయింది. ఇంటికి పోయి తల్లితో అదే చెప్పింది. నేను తొందరపడ్డ, అందుకే పోయింది అని. నర్సవ్వ తిట్టిన తిట్లు వీధి చివరి దాకా వినబడ్డాయని తర్వాత విన్నాను. కార్డు మీద సంతకం వచ్చే సోమవారం.

నర్సవ్వ గంప

రెండు రోజులు అన్నం సహించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే చెప్పాను. ఆవిడ ఈసారి గడియారం మాట ఎత్తలేదు. "పోయి చెప్పి రా" అని చెప్పులు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.

నర్సవ్వ గడపలో కూర్చుని బీడీ కట్టలు గంపలో సర్దుతోంది. గంగామణి లోపల ఉంది. నేను నిలబడే అంతా చెప్పాను. తప్పు పిల్లది కాదని, ఒకటి వేయమన్నది నేనేనని, మొదటిది కొట్టమన్నదీ నేనేనని, పెద్దసారు ముందే హెచ్చరిస్తే విననిదీ నేనేనని. ఆఖరికి, తొందరపడ్డావని పిల్ల మీద నెట్టిందీ నేనేనని.

నర్సవ్వ సర్దడం ఆపింది. లోపలి నుంచి గంగామణి, "అట్లేం లేదే అవ్వా, నేనే..." అంటుంటే, "నువ్వు నోరు మూయ్" అని నా వైపు తిరిగింది.

"సారూ, గీ గంప కార్ఖానాకు తీస్కపోతే మీకు ఎర్కేనా ఏమైతదో? బీడీలు తీస్కునేటాయన పై కట్ట ముట్టడు. పైన మంచియి పెడ్తమని ఆయనకు ఎర్కే. నడుమల నుంచి ఒకటి గుంజుతడు, అడుగు నుంచి ఒకటి గుంజుతడు. గాయన సదువు నాలుగో తరగతి. నువ్వు గింత సదివి, పైదొక్కటి సూసి గంప మొత్తం మంచిదని ఎట్ల అనుకున్నవ్?"

ఒక్క ఊపులో 'మీరు' నుంచి 'నువ్వు'కు దిగింది. తగిన శాస్తే. పెద్దసారు ఖద్దరు ధోవతిలో చెప్పిన మాట, నర్సవ్వ తంబాకు చేతులతో చెప్పింది.

"ఇంకొక్క ఏడు ఇయ్యి నర్సవ్వా" అన్నాను.

ఆమె గంప అడుగుకు చెయ్యి పెట్టింది. ఒక కట్ట తీసి చూసి మళ్లీ పెట్టింది. ఒక ఏడు వదులుకుంటే కార్డు ఇంకొకరికి పోతుంది. మళ్లీ వస్తుందని ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"కార్డు వద్దని చెప్త" అంది చివరికి. "కాని మల్ల ఏడు గూడ గిట్లనే చేస్తివంటే, గీ గంప తెచ్చి నీ గోదాము ముంగట పెట్టుకొని కూసుంట. అచ్చిపోయేటోళ్లందరికి చెప్త."

బెదిరింపు అనుకుంటే బెదిరింపే. నాకు మాత్రం ఆశీర్వాదం లాగే వినిపించింది.

గోదాములో పెద్దసారు

నేరుగా పెద్దసారు ఇంటికి వెళ్లాను. ప్రశ్నపత్రం ఆయన ముందు పెట్టి, ఆ లెక్క చూపించి తల వంచుకున్నాను. ఆయన చూశాడు. "నేను చెప్పలేదా" అంటాడని ఎదురుచూశాను. ఆ మాట అనలేదు. "గోదాములో బోర్డు ఉన్నదా?" అని మాత్రం అడిగాడు.

మరుసటి వేసవి నుంచి వారానికి ఒకరోజు పెద్దసారు వచ్చేవాడు. గడపలో అడుగు పెట్టగానే పసుపు ఘాటుకు వరసగా తుమ్మేవాడు. పిల్లలు ఆ తుమ్ములు లెక్కపెట్టేవాళ్లు. తుమ్ములు అయ్యాక బోర్డు మీద మెట్టు మెట్టుగా లెక్క చేసేవాడు. ఆయన చేసింది నేను అంకెలు వేసి విరిచి చూసేవాణ్ణి. ఒకసారి ఆయన ఒక గుర్తు తప్పు వేశాడు, గంగామణి మూడు వేసి చూసి పట్టుకుంది. పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీ పద్ధతి పనికొస్తది మాస్టారూ" అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

నా మంత్రం కూడా మార్చుకున్నాను. కొత్త మాస్టర్లు ఇది రాసుకోండి. సున్నా వేయొద్దు, ఒకటి వేయొద్దు, ఆ రెండూ ఎవరితోనైనా కలిసిపోతాయి. ప్రశ్నలో ఉన్న అంకెనే మళ్లీ వేయొద్దు. రెండు అక్షరాలకు ఒకే అంకె వేయొద్దు. నాలుగు జవాబులూ చూడాల్సిందే. రెండు జవాబులు కలిస్తే ఇంకో అంకె వేయి. అది ఎక్కువా ఇది ఎక్కువా అని అడిగే లెక్కయితే ఒక భిన్నం వేయి, ఒక మైనస్ అంకె కూడా వేయి. అసలు మామూలుగా చేస్తేనే తొందరగా అయ్యే లెక్కయితే, మామూలుగానే చేసేయ్.

ఈ సూత్రాలన్నీ లింబాద్రి సేటుకు చెప్పి, "నీ ఒక్క కొమ్ము చూసి మోసపోయిన సేటూ" అన్నాను. ఆయన కడుపుబ్బ నవ్వాడు.

"ఒక్కటా? సారూ, పై కొమ్ము రైతు చూసేటందుకు ఇరుస్త. కుప్ప చుట్టు తిరుగుకుంట లోపటి నుంచి ఇంకో రెండు ఇరుస్త. నువ్వు మొదటి చప్పుడుకే మురిసి ఇంటికి ఉరికినవ్."

తర్వాత

రెండోసారి పరీక్ష రోజు నిజామాబాద్‌లో సెంటరు గేటు బయట ఎండలో నిలబడ్డాను. గంగామణి బయటికి వచ్చింది. "ఎట్లున్నది?" అని అడిగితే, "సగం లెక్కలకు అంకెలు వెయ్యనే లేదు సార్. మామూలుగనే చేసేసిన" అంది. సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో తెలియలేదు.

సీటు వచ్చింది. సివిల్ డిప్లొమా చేసింది. నర్సవ్వ గంప తెచ్చి గోదాము ముందు పెట్టనే పెట్టింది గాని, దానినిండా బెల్లం లడ్డూలు. పై లడ్డూ తీయబోతే నా చేతి మీద కొట్టి, "నడుమల నుంచి తియ్యి" అంది.

గంగామణికి ఉద్యోగం వచ్చాక కూడా, ఏటా వేసవిలో కొన్ని రోజులు గోదాముకు వచ్చి పిల్లలకు చెప్పేది. మొదటి రోజు ఆ పాత ప్రశ్న బోర్డు మీద వేసి, "నేను తొందరపడి అ కొట్టిన" అని మొదలుపెట్టేది. నేను కుర్చీలోంచి, "అబద్ధం, నేను కొట్టమన్న" అని అరిచేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్లు. ఏటా ఇదే నాటకం.

ఒక ఏడు క్లాసు అయ్యాక ఆమెను నిలదీశాను. "ఎందుకే ఇంకా నా తప్పు మోస్తవు?"

ఆమె బోర్డు తుడుస్తూనే చెప్పింది. "తొందరేం లేకుండె సార్. టైము మస్తు మిగిలింది. నాలుగూ కలిసినయంటే ఏదో తప్పున్నదని నాకు అప్పుడే ఎరుకైంది. రెండు వేస్తే అయిపోతుండె. రాయనీకి చెయ్యి గూడ పోయింది. కాని సారు ఒకటే వెయ్యమన్నడు, మొదటిదే కొట్టమన్నడు, సారుకు తెల్వదా అనిపిచ్చింది. మీరు చెప్పింది తప్పని అనుకోబుద్ధి కాలె."

అప్పటిదాకా నా తప్పు ఒకటి అనే అంకె అనుకున్నాను. అది చిన్న తప్పు. తెలిసిన పిల్ల కూడా నా మాట దాటలేనంతగా నేను మాట్లాడాను. అంత ధీమాగా చెప్పాను, అంతగా ఈలలు వేయించుకున్నాను. అసలు తప్పు అదీ.

అప్పటి నుంచి ప్రతి వేసవీ మొదటి వారంలో బోర్డు మీద ఒక తప్పు కావాలనే చెప్పేవాణ్ణి. ధీమాగా, బల్ల గుద్ది మరీ చెప్పేవాణ్ణి. ఎవరైనా లేచి కాదనే దాకా దిద్దేవాణ్ణి కాదు. మొదటి ఏడు నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ ఆ తప్పును నోట్సుల్లో అందంగా రాసుకున్నారు, ఒకడు ఎర్ర సిరాతో గీత కూడా గీశాడు. తర్వాత తర్వాత మూడు రోజులు, రెండు రోజులు.

తొంభైల చివర్లో, నా ఆఖరి వేసవి. ధర పడిపోయిన ఏడు, పిల్లలు కప్పు దగ్గర కూర్చున్నారు. బోర్డు మీద తప్పు రాసి ఇంకా సుద్దముక్క కింద పెట్టలేదు. పై వరస నుంచి నందిపేట అమ్మాయి ఒకతె లేచింది. ఆ రోజే చేరింది, పేరు కూడా అడగలేదు. లేచిన ఊపుకు తల రేకుకు కొట్టుకుంది. తల రుద్దుకుంటూనే అంది.

"సార్, గది తప్పు. నేను మూడు వేసి చూసిన."

సుద్దముక్క ఆమెకు ఇచ్చి, "అచ్చి చెప్పు" అన్నాను. ఆమె బస్తాల మీదినుంచి జారుకుంటూ దిగి బోర్డు దగ్గరికి వచ్చింది. కుర్చీ ఆమెకు అడ్డంగా ఉందని పక్కకు జరిపాను. కింది వరసలో ఇద్దరు పిల్లలు సర్దుకుని చోటిచ్చారు. వాళ్ల మధ్య, బస్తా మీద కూర్చున్నాను.

ఆ తెల్ల ప్యాంటుకు అంటిన పసుపు మా ఆవిడ ఎంత ఉతికినా పోలేదు.